డేటా కదలక ముందే తేలవలసినవి: ఎంబెడెడ్ వ్యవస్థల్లో మిడిల్‌వేర్ పనితీరు

ఒక ప్రాసెసర్ మెమరీలో సిద్ధమైన డేటాను మరో ప్రాసెసర్ మెమరీలోకి గడువులోపల చేర్చడమే చాలా ఏళ్లుగా నా పనిలో సింహభాగం. వినడానికి ఇది చిన్న పనిగానే ఉంటుంది. కానీ రాడార్, సోనార్, సాఫ్ట్‌వేర్ రేడియో వంటి రంగాల్లోని ఎంబెడెడ్ వ్యవస్థల్లో (ఒక పరికరం లోపలే ఇమిడి, దాని పని కోసమే ఉండే కంప్యూటర్లలో) పదుల కొద్దీ ప్రాసెసర్లు ఒకే డేటా ప్రవాహాన్ని పంచుకుని పనిచేస్తాయి. సెన్సర్ ఎవరి కోసమూ ఆగదు. ఒక ఫ్రేమ్ (ఒక విడతగా వచ్చే డేటా) లెక్క ముగిసీ ముగియక ముందే తరువాతి ఫ్రేమ్ వచ్చి నిలబడుతుంది. చోటు, బరువు, విద్యుత్తు, వేడి, అన్నింటికీ హద్దులున్న ఒక పెట్టెలో ఇదంతా జరగాలి కనుక, వేగం చాలకపోతే ఇంకో నాలుగు బోర్డులు పెడదామనే వెసులుబాటు ఇక్కడ ఉండదు.

ఇటువంటి వ్యవస్థను కట్టేటప్పుడు అందరి దృష్టీ లెక్కల మీదే ఉంటుంది. సంకేతాన్ని దానిలోని పౌనఃపున్యాలుగా విడదీసే ఫూరియే పరివర్తనను ఎంత వేగంగా చేయగలం, ఫిల్టర్‌ను వెక్టర్ సూచనలతో ఎలా రాయాలి అన్న చర్చలు నెలల తరబడి సాగుతాయి. ఆ లెక్కల ముక్కలను ఒకదానితో ఒకటి కలిపే మిడిల్‌వేర్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కూ అప్లికేషన్‌కూ మధ్య ఉండి సందేశాలను, డేటాను తాత్కాలికంగా ఉంచే బఫర్లను, వరుసలను చూసుకునే సాఫ్ట్‌వేర్ పొర, మొత్తం వ్యవస్థను కలిపి నడిపే రోజున గానీ చర్చకు రాదు. అప్పటికి దాని ఎంపిక ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది. నడుమ ఒక పొర ఉంటే వేగం తగ్గక తప్పదని కొందరూ, ప్రాసెసర్లు వేగం పుంజుకున్నాయి కనుక ఇక ఆ బెంగ అక్కరలేదని మరికొందరూ అంటారు. నా అనుభవం ఈ రెండింటితోనూ ఏకీభవించదు. మిడిల్‌వేర్ వేగం దాని మందంలో లేదు. డేటా కదలడం మొదలు కాక ముందే ఎన్ని విషయాలు తేల్చుకోవడానికి అది అవకాశమిస్తుంది అన్న దానిలో ఉంది. ఏ బఫర్ ఎవరిది, ఎంత పరిమాణం, ఎవరికి వెళ్లాలి, ఎప్పటిలోగా వెళ్లాలి అన్నవి ముందే తేలితే పొర ఎంత ఉన్నా ఖర్చు స్వల్పంగానే ఉంటుంది. అవే ప్రశ్నలకు ప్రతి సందేశం దగ్గరా మళ్లీ మళ్లీ సమాధానం వెతుక్కునే మిడిల్‌వేర్‌ను ఎంత గొప్ప హార్డ్‌వేర్ మీద పెట్టినా అది కుంటుతుంది.

ముందుగా ఒక చిన్న లెక్క చూద్దాం. 1,024 బిందువుల సంకీర్ణ ఫూరియే పరివర్తనకు వాడుకలో ఉన్న అంచనా సూత్రం ప్రకారం 51,200 ఫ్లోటింగ్ పాయింట్ క్రియలు కావాలి. ఒక ప్రాసెసర్ సెకనుకు నిజంగా 1,000 కోట్ల క్రియలు నిలకడగా చేయగలిగితే ఆ పని సుమారు 5 మైక్రోసెకన్లలో ముగుస్తుంది. ఆ 1,024 నమూనాలు, సింగిల్ ప్రెసిషన్‌లో ఒక్కొక్కటి 8 బైట్ల చొప్పున, 8,192 బైట్లు అవుతాయి. సెకనుకు 10 గిగాబిట్ల లింకు మీద అవి వెళ్లడానికి దాదాపు 6.6 మైక్రోసెకన్లు పడుతుంది. అంటే లెక్కకూ ప్రయాణానికీ పట్టే కాలం ఇంచుమించు సమానం. ఇప్పుడు మిడిల్‌వేర్ ప్రతి సందేశానికీ 20 మైక్రోసెకన్లు తన కోసం తీసుకుంటుందనుకుందాం. సర్వర్ల ప్రపంచంలో 20 మైక్రోసెకన్లను ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ మాత్రం అది లెక్క, ప్రయాణం రెండూ కలిపిన దానికంటే ఎక్కువ. లెక్క చేసే కోడ్‌ను రెండింతలు వేగవంతం చేసినా ఆదా అయ్యేది రెండున్నర మైక్రోసెకన్లే. 1967లో కంప్యూటర్ రూపకర్త జీన్ ఆమ్‌డాల్ చెప్పిన వాదన సమాంతర ప్రాసెసర్ల గురించే అయినా, మొత్తంలో పెద్ద వాటా దేనిదో దాన్ని ముట్టుకోకుండా మిగతావి ఎంత సవరించినా లాభం లేదన్న దాని సారం ఇక్కడా అక్షరాలా వర్తిస్తుంది.

ఆ 20 మైక్రోసెకన్లు ఎక్కడికి పోతాయి? ఒక సందేశం వెంట నడిచి చూస్తే తెలుస్తుంది. అప్లికేషన్ పంపే ఫంక్షన్‌ను పిలుస్తుంది. మిడిల్‌వేర్ లైబ్రరీ ఒక లాక్ (ఒకేసారి ఇద్దరు ఒకే డేటాను మార్చకుండా ఆపే తాళం) తీసుకుంటుంది. గమ్యం పేరును పట్టికలో వెతుకుతుంది. డేటాను తన ప్రామాణిక రూపంలోకి మారుస్తూ ఒక బఫర్‌లోకి కాపీ చేస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నల్ దాన్ని మరో బఫర్‌లోకి కాపీ చేస్తుంది. అవతలి వైపు ఇంటరప్ట్ వస్తుంది, నిద్రపోతున్న థ్రెడ్‌ను షెడ్యూలర్ లేపుతుంది, ఇవే కాపీలు తిరుగు వరుసలో మళ్లీ జరుగుతాయి. ఈ అంగల్లో విద్యుత్ సంకేతం తీగలో ప్రయాణించే భాగం అతి చిన్నది. తక్కినదంతా నిర్ణయాలు తీసుకోవడం, కాపీలు చేయడం, నిద్ర లేపడం. వీటిలో నిర్ణయాల ఖర్చును ముందే ఏర్పాటు చేసుకుని దాదాపు పూర్తిగా తొలగించవచ్చు. కాపీల ఖర్చును, ఏ క్షణంలో బఫర్ ఎవరిదో చెప్పే యాజమాన్య నియమాలతో తగ్గించవచ్చు. నిద్ర లేపే ఖర్చును, ఒక ప్రాసెసర్ కోర్‌ను పూర్తిగా ఆ పనికే కేటాయించి నిరంతరం పోలింగ్ (సందేశం వచ్చిందా అని చూస్తూనే ఉండడం) చేయించడం ద్వారా తప్పించవచ్చు. అయితే ఆ కోర్ వాడే విద్యుత్తుకు, పుట్టించే వేడికి ముందే లెక్క కట్టుకోవాలి.

డేటా రూపం మార్చడంలోనూ ముందు చూపు ఎంత పనిచేస్తుందో చెప్పడానికి ఒక పాత ఉదాహరణ ఉంది. సన్ మైక్రోసిస్టమ్స్ నుంచి వచ్చిన ఎక్స్‌డీఆర్ రూపంలో సంఖ్యలన్నీ ఎప్పుడూ పెద్ద బైటు ముందు వచ్చే వరుసలోనే తీగ మీదికి వెళ్లాలి. రెండు వైపులా చిన్న బైటు ముందు పెట్టే యంత్రాలే ఉన్నా, పంపేవారు ఒకసారి, అందుకునేవారు ఒకసారి బైట్లను తిప్పి పెడుతూనే ఉంటారు. వేర్వేరు యంత్రాల మీది ప్రోగ్రామ్‌లు ఒకదాన్నొకటి పిలుచుకునేందుకు వచ్చిన మిడిల్‌వేర్ ప్రమాణం కోర్బా వాడిన సీడీఆర్ రూపంలో పంపేవారు తమ వరుసలోనే రాసి, ఏ వరుసో చెప్పే ఒక గుర్తును ముందు పెడతారు. తేడా ఉంటేనే అందుకునేవారు తిప్పుకుంటారు. ఒకే రకం బోర్డులు నిండిన పెట్టెలో ఆ తిప్పుడు అసలు జరగదు. తరువాత వచ్చిన డీడీఎస్ (ప్రచురించిన డేటాను కోరినవారికి అందించే మిడిల్‌వేర్ ప్రమాణం) కూడా ఈ సీడీఆర్‌నే తీసుకుంది.

కోర్బా పేరు వచ్చింది కనుక ఒక మాట. 1991లో తొలి ప్రమాణం వెలువడిన ఈ సాంకేతికతను ఎంబెడెడ్ ఇంజినీర్లలో చాలామంది బరువైనదని పక్కన పెట్టారు. ఆ బరువు కోర్బా అన్న ఆలోచనలో లేదు, తొలి అమలుల్లో ఉంది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డగ్లస్ ష్మిట్ బృందం రూపొందించిన కోర్బా అమలు టావో దీన్ని చక్కగా చూపింది. ఒక అభ్యర్థన సర్వర్‌కు చేరాక అది ఏ ఆబ్జెక్టుకు సంబంధించిందో పేర్ల పట్టికలో వెతకడం పాత పద్ధతి. టావోలో సర్వర్ తన ఆబ్జెక్టు చిరునామాను క్లయింటుకు ఇచ్చేటప్పుడే అందులో తన పట్టికలోని స్థానసంఖ్యను పొదిగి ఇస్తుంది. అభ్యర్థన తిరిగి వచ్చినప్పుడు వెతకవలసిన పని లేకుండా నేరుగా ఆ స్థానానికి వెళ్లవచ్చు. ఆబ్జెక్టులు పది ఉన్నా పదివేలు ఉన్నా పట్టే కాలం ఒక్కటే. సగటు వేగం పెరగడం ఒక ఎత్తయితే, ఆ కాలం ఆబ్జెక్టుల సంఖ్యతో మారకపోవడం, గడువులోపలే పని ముగియవలసిన నిజకాల (రియల్‌టైమ్) వ్యవస్థలకు అంతకంటే ముఖ్యం.

ఇదే సూత్రం 1994లో వెలువడిన ఎంపీఐ (సమాంతర ప్రాసెసర్ల మధ్య సందేశాలు పంపే ఇంటర్‌ఫేస్) తొలి ప్రమాణంలోనే మరో రూపంలో ఉంది. సాధారణంగా సందేశం పంపే ప్రతిసారీ బఫర్ చిరునామా, పరిమాణం, రకం, గమ్యం, గుర్తు సంఖ్య అన్నీ ఇవ్వాలి. కానీ ఇవన్నీ ఒక్కసారే చెప్పి ఒక శాశ్వత అభ్యర్థనను తయారు చేసుకుని, ఆ తరువాత ఫ్రేమ్ వచ్చినప్పుడల్లా మొదలుపెట్టు అని మాత్రమే చెప్పే సౌకర్యం కూడా ఆ ప్రమాణంలో ఉంది. ఒకే ఆకారపు డేటా ఒకే దారిలో రోజుల తరబడి ప్రవహించే సిగ్నల్ ప్రాసెసింగ్‌కు ఇంతకంటే సహజమైన పద్ధతి లేదు. అయినా నేను చూసిన ఎంబెడెడ్ కోడ్‌లో దీన్ని వాడినవారు చాలా తక్కువ. తరువాత ఎంబెడెడ్ రంగం కోసమే రూపొందిన ఎంపీఐ ఆర్‌టీ ఈ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్లి, ఛానెళ్లు, బఫర్లు, కాలపు హామీలు అన్నింటినీ నడక మొదలవక ముందే ఒప్పందంగా కుదుర్చుకోమంది. ఆ ప్రమాణం విస్తృతంగా వాడుకలోకి రాకపోయినా, అది అడిగిన ప్రశ్నలు సరైనవని నా దృఢ అభిప్రాయం.

యాజమాన్యం గురించి మరింత వివరంగా చెప్పాలి, ఎందుకంటే కాపీల మూలం అక్కడే ఉంది. ఒక లైబ్రరీ నా డేటాను కాపీ చేసుకుంటోందంటే, ఆ డేటాను నేను మధ్యలో మార్చనన్న నమ్మకం దానికి లేదన్నమాట. ఆ నమ్మకాన్ని నియమంగా మార్చిన ఇంటర్‌ఫేసుల్లో నాకు అత్యంత నచ్చినది వీఎస్ఐపీఎల్. వెక్టర్, సిగ్నల్, ఇమేజ్ ప్రాసెసింగ్‌కు ప్రామాణిక లైబ్రరీగా వచ్చిన ఇందులో డేటా ఉండే బ్లాకుకు రెండు స్థితులు ఉంటాయి. బ్లాకును లైబ్రరీకి అప్పగించాక దాన్ని లైబ్రరీ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. విడుదల చేయించుకున్నాక మళ్లీ నాది. ఈ రెండు చిన్న పిలుపుల వల్ల లైబ్రరీ రచయితకు ఎంతో స్వేచ్ఛ దొరుకుతుంది. అప్పగించిన కాలంలో ఆ డేటాను యాక్సిలరేటర్ మెమరీకి తరలించవచ్చు, సంకీర్ణ సంఖ్యల నిజ, కల్పిత భాగాలను విడదీసి పెట్టుకోవచ్చు, లేదా ఏమీ చేయకుండా ఉన్నచోటే పని కానిచ్చుకోవచ్చు. అప్లికేషన్ కోడ్ మారదు. అదే లైబ్రరీకి, అభివృద్ధి సమయంలో పరామితులన్నీ తనిఖీ చేసే రూపం ఒకటి, తనిఖీలు తీసేసి వేగంగా నడిచే రూపం మరొకటి ఉండవచ్చని ఆ ప్రమాణం అనుమతించింది. తనిఖీ అనే పనిని కూడా నడక నుంచి ఏర్పాటు దశకు జరిపారు. ఈనాటి షేర్డ్ మెమరీ మిడిల్‌వేర్‌లు, ఉదాహరణకు ఐసోరిక్స్ వంటివి, పంపేవారికి ముందే ఒక బఫర్‌ను అరువిచ్చి, అందులోనే నేరుగా రాయించి, అందుకునేవారికి పాయింటర్‌ను మాత్రమే చేరవేసే పద్ధతిని పాటిస్తున్నాయి. పేర్లు మారాయి కానీ నియమం అదే: ఒక క్షణంలో ఒక బఫర్‌లో రాసే హక్కు ఒక్కరికే.

ఇక ఈ రంగంలో మిడిల్‌వేర్‌కు అసలైన పరీక్ష కార్నర్ టర్న్. రాడార్‌లో, అది పంపే ఒక్కో స్పందనకు (పల్స్‌కు) సంబంధించిన నమూనాలను దూరం వెంబడి ముందు ప్రాసెస్ చేస్తారు. ఆ తరువాత లక్ష్యపు వేగాన్ని తెలిపే డాప్లర్ లెక్క కోసం అదే డేటాను స్పందనల వెంబడి ప్రాసెస్ చేయాలి. మొదటి దశలో అడ్డ వరుసలుగా నోడ్ల (ప్రాసెసర్ల) మధ్య పంచిన మాత్రికను రెండవ దశకు నిలువు వరుసలుగా పంచాలి. దీనికి ప్రతి నోడ్ ప్రతి ఇతర నోడ్‌కూ ఒక ముక్క పంపక తప్పదు. ఇందులో లెక్క ఏమీ ఉండదు, ఉన్నదంతా కదలికే.

ఒక ఊహా వ్యవస్థను తీసుకుని సంఖ్యలు వేద్దాం. మొత్తం డేటా 16 మెగాబైట్లు. ప్రతి నోడ్ సెకనుకు 1 గిగాబైటు పంపగలదు. మిడిల్‌వేర్ ప్రతి సందేశానికీ 20 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. 8 నోడ్లుంటే ఒక్కొక్కరి వాటా 2 మెగాబైట్లు, అది వెళ్లడానికి దాదాపు 2.1 మిల్లీసెకన్లు పడుతుంది. 7 సందేశాల అదనపు భారం 0.14. మొత్తం సుమారు 2.24 మిల్లీసెకన్లు. 16 నోడ్లకు ప్రయాణం 1.05, భారం 0.30, మొత్తం 1.35. 32 నోడ్లకు ప్రయాణం 0.52, భారం 0.62, మొత్తం 1.14. ఇక్కడికి భారం ప్రయాణాన్ని దాటేసింది. 64 నోడ్లకు ప్రయాణం 0.26కు దిగుతుంది, కానీ 63 సందేశాల భారం 1.26, మొత్తం 1.52. అంటే నోడ్లను 32 నుంచి 64కు పెంచితే కార్నర్ టర్న్ వేగం పెరగకపోగా తగ్గింది. నోడ్లు రెట్టింపైనప్పుడల్లా ఒక్కో జంట మధ్య వెళ్లే ముక్క నాలుగో వంతుకు చిక్కిపోతుంది, సందేశాల మొత్తం సంఖ్య మాత్రం సుమారు నాలుగింతలవుతుంది. 8 నోడ్ల వద్ద 256 కిలోబైట్లున్న ముక్క 64 నోడ్ల వద్ద 4 కిలోబైట్లే. ఇప్పుడు అదే మిడిల్‌వేర్ భారాన్ని 20 నుంచి 2 మైక్రోసెకన్లకు తగ్గించగలిగితే 64 నోడ్ల వద్ద మొత్తం కాలం దాదాపు 0.39 మిల్లీసెకన్లకు వస్తుంది. లింకు మార్చలేదు, ప్రాసెసర్ మార్చలేదు. వ్యవస్థను 64 నోడ్లకు పెంచడంలో అర్థముందా లేదా అన్నదాన్ని మిడిల్‌వేర్ ఒక్కటే నిర్ణయించింది.

ఈ లెక్కలో నేను కావాలనే వదిలేసినవి కూడా ఉన్నాయి. నోడ్లన్నీ ఒకే వరుసలో, అంటే మొదట సున్నా నోడ్‌కు, తరువాత ఒకటో నోడ్‌కు అంటూ పంపితే అన్ని సందేశాలూ ఒకే సమయంలో ఒకే గమ్యం మీద పడి స్విచ్‌లో రద్దీ పుడుతుంది. ప్రతి నోడ్ తన తరువాతి నోడ్‌తో మొదలుపెట్టి చక్రంలా పంపితే ఏ క్షణంలోనూ ఒక గమ్యానికి ఒకటే సందేశం వెళ్తుంది. నిలువు వరుసను మెమరీ నుంచి ఏరుకోవడం మరో చిక్కు. ప్రాసెసర్ పక్కనే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ అయిన క్యాష్‌లోకి 64 బైట్ల లైను మొత్తాన్ని తెచ్చి అందులోంచి 8 బైట్లు మాత్రమే వాడుకుంటే, మెమరీ బ్యాండ్‌విడ్త్‌లో ఎనిమిదింట ఏడు వంతులు వృథా అవుతుంది. మాత్రికను క్యాష్‌లో పట్టే చిన్న చదరపు ముక్కలుగా విడదీసి తిప్పితే ఇది చాలావరకు తప్పుతుంది. డేటా పునర్విన్యాసం కోసమే డీఆర్ఐ పేరుతో ఒక ప్రామాణిక ఇంటర్‌ఫేస్ వచ్చింది. ఇరువైపుల పంపకాన్ని ముందే వర్ణిస్తే, ఈ వరుసలు, ముక్కలు, డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటాను కదిలించే యంత్రాంగం) ఆదేశాలు అన్నీ లైబ్రరీయే ఒకసారి సిద్ధం చేసి పెట్టుకుంటుందన్నది దాని ఆశయం. ప్రతి ప్రాజెక్టులోనూ ఎవరో ఒకరు కార్నర్ టర్న్‌ను మొదటి నుంచి చేతితో రాయడం చూసినప్పుడల్లా నాకు ఆ ఇంటర్‌ఫేస్ గుర్తుకొస్తుంది.

సందేశపు పరిమాణంతో వచ్చే మరో మలుపును కొత్తవారు తరచూ గమనించరు. చాలా ఎంపీఐ అమలులు చిన్న సందేశాన్ని అవతలివారు సిద్ధంగా ఉన్నారా అని అడగకుండానే పంపేసి, అక్కడ తాత్కాలిక బఫర్‌లో ఉంచి, తరువాత కాపీ చేస్తాయి. ఒక హద్దు దాటిన పెద్ద సందేశానికి ముందు అనుమతి అడిగి, జవాబు వచ్చాక నేరుగా గమ్యపు బఫర్‌లోకి పంపుతాయి. ఆ హద్దుకు అటూ ఇటూ కాలపు రేఖ ఒక్కసారిగా మెట్టు ఎక్కుతుంది. నా ముక్క పరిమాణం సరిగ్గా ఆ హద్దు మీద పడితే, ఒక ఫ్రేముకు ఒక తీరు, మరో ఫ్రేముకు మరో తీరు కనిపించి తికమక పెడుతుంది.

డీడీఎస్ సంగతికి వస్తే, 2004లో తొలి ప్రమాణం వెలువడిన ఇది ఇప్పుడు రోబో సాఫ్ట్‌వేర్ వేదిక ఆర్‌ఓఎస్ 2 ద్వారా రోబోల రంగంలోకి కూడా విస్తరించింది. పంపేవారు, అందుకునేవారు తమ అవసరాలను సేవా నాణ్యత విధానాలుగా ముందే ప్రకటించడం దాని బలం. కానీ కింద, చేరుతుందన్న హామీ ఇవ్వని నెట్‌వర్క్ ప్రోటోకాల్ యూడీపీ ఉన్నప్పుడు పెద్ద సందేశాల విషయంలో జాగ్రత్త అవసరం. యూడీపీ పొట్లం గరిష్ఠంగా 65,507 బైట్ల డేటాను మోయగలదు, సాధారణ ఈథర్‌నెట్ ఫ్రేమ్ 1,500 బైట్లే. కనుక ఒక పెద్ద పొట్లం 45 ముక్కలుగా వెళ్తుంది. అందులో ఒక్కటి పోయినా పొట్లం మొత్తం పోయినట్టే. వెయ్యి ఫ్రేముల్లో ఒకటి పోయే లింకు మీద అటువంటి పొట్లాల్లో సుమారు 4.4 శాతం చేరవు. పైగా అసంపూర్ణ ముక్కలను లినక్స్ కెర్నల్ మామూలుగా 30 సెకన్ల వరకు దాచి ఉంచుతుంది కనుక, ఆ జాగా నిండితే ఆరోగ్యంగా వస్తున్న పొట్లాలకూ చోటు దొరకదు. కెమెరా చిత్రాలు ఉన్నట్టుండి ఆగిపోయి కొన్ని సెకన్ల తరువాత మళ్లీ మొదలయ్యే వింతకు చాలాసార్లు కారణం ఇదే. ముక్కలు చేసే పనిని కెర్నల్‌కు వదలకుండా మిడిల్‌వేర్ స్థాయిలోనే చేసేలా అమర్చుకుంటే, పోయిన ముక్కను మాత్రమే మళ్లీ పంపించుకోవచ్చు.

ఇంతవరకు చెప్పినది వేగం గురించి. ఎంబెడెడ్ వ్యవస్థలో పనితీరు అంటే నిలకడ కూడా. దీనికి మార్స్ పాత్‌ఫైండర్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన ఆ నౌక, వాతావరణ కొలతలు మొదలుపెట్టిన కొద్ది రోజులకే తనంత తానుగా రీసెట్ అవడం ఆరంభించింది. అందులో సెకనుకు 8 సార్లు నడిచే, నౌక పరికరాల మధ్య డేటా చేరవేసే ఉమ్మడి దారి (బస్సు) కార్యక్రమానికి చెందిన అధిక ప్రాధాన్య టాస్క్ ఒకటి, వాతావరణ సమాచారం సేకరించే తక్కువ ప్రాధాన్య టాస్క్ ఒకటి ఉన్నాయి. తక్కువ ప్రాధాన్య టాస్క్ ఒక మ్యూటెక్స్‌ను (ఒకసారికి ఒక్కరే పట్టుకోగల లాక్‌ను) పట్టుకుని ఉండగా మధ్యస్థ ప్రాధాన్య టాస్కులు దాన్ని పక్కకు నెట్టి నడిచాయి. ఆ మ్యూటెక్స్ కోసం అధిక ప్రాధాన్య టాస్క్ ఎదురుచూస్తూ గడువు దాటింది. గడువు దాటడాన్ని గమనించిన నౌక వ్యవస్థను మళ్లీ మొదలుపెట్టింది. ఈ కథ చాలామందికి తెలిసినదే. కానీ నేను ప్రతిసారీ గుర్తు చేసే విషయం వేరు. ఆ మ్యూటెక్స్ అప్లికేషన్ రాసినవారు తీసుకున్నది కాదు. సమాచారం కోసం వేచి ఉండేందుకు వాడే సెలెక్ట్ అనే, నౌకలోని ఆపరేటింగ్ సిస్టమ్ వీఎక్స్‌వర్క్స్ సౌకర్యం లోపల అది దాగి ఉంది. ప్రాధాన్య వారసత్వం (లాక్ పట్టుకున్న టాస్క్‌కు, దాని కోసం వేచి ఉన్న టాస్క్ ప్రాధాన్యాన్ని తాత్కాలికంగా ఇవ్వడం) అన్న పరిష్కారం 1990 నాటికే ప్రచురితమై ఉంది, వీఎక్స్‌వర్క్స్‌లో అమలై కూడా ఉంది. ఆ ఒక్క మ్యూటెక్స్‌కు అది ఆపివేసి ఉంది, అంతే. భూమి మీది నకలు వ్యవస్థపై లోపాన్ని తిరిగి పుట్టించి, ఆ అమరికను మార్చే సవరణను నౌకకు పంపారు. లోపలి లాక్‌ల జాబితాను, వాటి అమరికలను మిడిల్‌వేర్ పత్రాలు బయటపెట్టాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

నా సొంత అనుభవం అంత దూరపు గ్రహం మీది కాకపోయినా, నాకు అంతే నేర్పింది. ఒక సిగ్నల్ ప్రాసెసింగ్ వరుసలో 10 మిల్లీసెకన్లకు ఒక ఫ్రేమ్ వచ్చేది, ప్రాసెసింగ్‌కు 6 నుంచి 7 మిల్లీసెకన్లు పట్టేది. కొన్ని గంటలకు ఒకసారి ఒక ఫ్రేమ్ గడువు దాటేది. మిడిల్‌వేర్‌ను అనుమానించి మేము రాసిన పరీక్ష సగటు జాప్యం 40 మైక్రోసెకన్లని చూపింది, గరిష్ఠం కూడా పెద్దగా లేదు. వారాలపాటు వేరే చోట వెతికాము. చివరికి తప్పు పరీక్షలోనే ఉందని తెలిసింది. అది ఒక సందేశం పంపి, జవాబు వచ్చాక మరొకటి పంపేది. వ్యవస్థ ఎక్కడైనా ఆగితే పరీక్ష కూడా దానితో పాటు మర్యాదగా ఆగిపోయేది, ఆ విరామంలో రావలసిన సందేశాల నిరీక్షణ లెక్కలోకే వచ్చేది కాదు. పైగా వరుసలో ఎప్పుడూ ఒకే సందేశం ఉండేది కనుక బఫర్ల మీద ఒత్తిడి పుట్టేదే కాదు. నిజమైన సెన్సర్ అలా ఆగదు. గడియారం ప్రకారం ఏది ఏమైనా పంపుతూ, పంపవలసిన క్షణం నుంచి కాలాన్ని కొలిచి, సగటు బదులు మొత్తం పంపిణీని గీసి చూశాక, కుడి అంచున 8 మిల్లీసెకన్ల దగ్గర ఒక చిన్న గుంపు బయటపడింది.

దాని మూలం బఫర్ల కొలను, అంటే వాడుకకు తీసి పెట్టుకున్న బఫర్ల నిల్వ. మొదట 8 బఫర్లతో మొదలై, అవి చాలనప్పుడు తనంతట తానే రెట్టింపయ్యేలా ఆ లైబ్రరీని రాశారు. అరుదుగా వచ్చే ఒక పొడవైన క్రమాంకన ఫ్రేమ్ అందుకునే వైపును కాస్త ఆలస్యం చేసినప్పుడు కొలను పెరిగేది, పని తగ్గాక మళ్లీ కుంచించుకుపోయేది. ఒక్కో బఫర్ 4 మెగాబైట్లు, అంటే 4 కిలోబైట్ల పేజీలు 1,024. కొత్త 8 బఫర్లకు 8,192 పేజీలు. ప్రతి పేజీని మొదటిసారి తాకినప్పుడు కెర్నల్‌లోకి వెళ్లి, సున్నాలతో నింపిన పేజీని తెచ్చుకోవాలి. ఒక్కోదానికి మైక్రోసెకను వేసుకున్నా 8 మిల్లీసెకన్లు దాటిపోతాయి. రాసినవారు సదుద్దేశంతో చేసిన సౌకర్యమే అది, డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లో ఎవరికీ కనిపించేది కూడా కాదు. మేము చేసిన మార్పు కొద్దిపాటిదే. గరిష్ఠ సంఖ్యలో బఫర్లను మొదట్లోనే తీసుకుని, మెమరీని లాక్ చేసి, ప్రతి పేజీనీ ఒకసారి తాకి, కొలను పెరగడాన్ని పూర్తిగా నిషేధించాము. దానితో ఒక కొత్త ప్రశ్న ఎదురైంది. కొలను ఖాళీ అయితే ఏ ఫ్రేమ్‌ను వదలాలి, పాతదాన్నా, కొత్తదాన్నా? ఆ నిర్ణయం అప్లికేషన్‌ది. అంతకుముందు దాన్ని మిడిల్‌వేర్ మాకు చెప్పకుండా తీసుకుంటూ వచ్చింది. మా వ్యవస్థలో పాత ఫ్రేమ్‌కు విలువ లేదు కనుక పాతదాన్నే వదిలాము. ఆ మార్పు తరువాత కుడి అంచున ఉన్న గుంపు మాయమైంది.

కింది పొరల మెరుగుదల కూడా సాయపడుతోంది. ఏళ్ల తరబడి విడి ప్యాచ్‌లుగా ఉన్న, లినక్స్‌ను నిజకాల పనులకు తగినట్టు మార్చే ప్రీఎంప్ట్ ఆర్‌టీ, 2024లో విడుదలైన 6.12 వెర్షన్‌తో లినక్స్ ప్రధాన కెర్నల్‌లో చేరింది. నిద్ర లేపే కాలానికి ఇప్పుడు ఒక సహేతుకమైన హద్దు ఆశించవచ్చు. కానీ మిడిల్‌వేర్ లోపలి లాక్‌కు వారసత్వం లేకపోతే, దాని కొలను నడుమలో పెరుగుతుంటే, కెర్నల్ ఎంత నిజకాలమైనా చేయగలిగింది ఏమీ లేదు.

ప్రస్తుతం నా పని ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనమే అమర్చుకోగల హార్డ్‌వేర్), సాధారణ ప్రాసెసర్ ఒకే చిప్‌లో ఉన్న వ్యవస్థల మీద నడుస్తోంది. యాజమాన్యం ప్రశ్న ఇక్కడ మరో పదునుతో తిరిగి వచ్చింది. ఎఫ్‌పీజీఏ డేటాను నేరుగా మెమరీలో రాసే దారి క్యాష్‌తో పొందిక లేనిదైతే, ప్రాసెసర్ దాన్ని చదివే ముందు తన క్యాష్‌లోని పాత లైన్లను చెల్లనివిగా ప్రకటించాలి. 1 మెగాబైటు బఫర్‌కు, 64 బైట్ల లైన్ల చొప్పున, 16,384 లైన్లు. ఒక్క కాపీ కూడా చేయని మిడిల్‌వేర్ సైతం ఈ ఖర్చు పెట్టవలసిందే. పొందిక ఉన్న దారిని ఎంచుకుంటే ఆ ఖర్చు పోతుంది కానీ, పెద్ద ప్రవాహాలు ప్రాసెసర్ క్యాష్‌ను తమ డేటాతో నింపి మిగతా పనులను నెమ్మదింపజేస్తాయి. బఫర్‌ను ప్రాసెసర్ అసలు చదువుతుందా, లేక ఒక యాక్సిలరేటర్ నుంచి మరో యాక్సిలరేటర్‌కు దాటిపోతుందా అన్నది మిడిల్‌వేర్‌కు ముందే తెలిస్తే సరైన దారిని అదే ఎంచుకోగలదు, చదవని బఫర్‌కు క్యాష్ పనిని పూర్తిగా మానేయగలదు. నేను ఇప్పుడు వాడుతున్న ఇంటర్‌ఫేస్‌లో ఆ మాట చెప్పడానికి చోటు లేదు. బఫర్ నమోదు చేసే పిలుపుకు, దాన్ని ఎవరెవరు చదువుతారు, ఎవరెవరు రాస్తారు అన్న రెండు పరామితులను చేర్చి, వాటి ఆధారంగా దారిని ఏర్పాటు దశలోనే ఎంచుకునే రూపాన్ని ఈ నెలలో రాస్తున్నాను. మొదటి కొలతలు సగటులో కాకుండా పంపిణీ కుడి అంచులో తేడా చూపుతున్నాయి. పూర్తి భారం మీద, గడియారం ప్రకారం పంపే పరీక్షతో కొలిచాక ఆ పటాలను ఇక్కడే పెడతాను.